గుల్లపాలెం దగ్గర నలభై

భాద్రపద శుద్ధ దశమి

మెట్టపురం ఆసుపత్రి వాళ్ళు ఇవాళ నాకొక పుస్తకం ఇచ్చారు. అందులో నాలుగు గడులున్నాయి: బయల్దేరిన సమయం, చేరిన సమయం, నడిపినవారు, వేగం. మందు పట్టుకెళ్ళే ప్రతివాళ్ళూ నింపాలట. నా నోరు ఆ గడుల్లో పట్టదు. అందుకని పాత కాగితాలు కుట్టుకుని ఈ రెండో పుస్తకం తయారు చేసుకున్నాను. ఆసుపత్రి పుస్తకంలో వాళ్ళకి కావలసింది రాస్తాను, ఇందులో జరిగింది రాస్తాను.

మందు నా కోడలు హైమకి. పిల్లకి రక్తం గడ్డకట్టదు. ఎనిమిది మోతాదులు పడాలి, ఆరు రోజులకొకటి. మధ్యలో ఒక్కటి తప్పినా ముందు వేసినవన్నీ బూడిదలో పోసిన పన్నీరే. మళ్ళీ మొదలుపెడితే తట్టుకునే శక్తి ఒంట్లో ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా హైమ ఎదురుగానే చెప్పేశాడు. కుదుపు తగిలితే లోపల రక్తం కారుతుంది కాబట్టి పిల్లని అక్కడికి తీసుకెళ్ళే దారి లేదు. మందే ఇంటికి రావాలి. ఆసుపత్రి చల్లగదిలోంచి బయటికి తీశాక, దారికిచ్చే చల్లపెట్టెలో ఉన్నా అది తొంభై నిమిషాలే పనిచేస్తుంది.

మా కొత్తరేవుకీ మెట్టపురానికీ మధ్య ఉప్పుగట్టు మీద ఎనభై కిలోమీటర్లు. రెండు పక్కలా సముద్రం. గట్టు అదిరిపోతుందని గంటకి నలభై దాటనివ్వరు. తమంతట తాము నడిచే బండ్లు నలభై మించి పొమ్మంటే మొరాయించిన ఎద్దులే. చేత్తో నడిపే కార్లు మా ఊళ్ళో మూడు మిగిలాయి, ఒకటి నాది. ఎనభై కిలోమీటర్లు నలభైలో వెళితే రెండు గంటలు పడుతుంది. ఆ లెక్కకి పంతులుగారు అక్కర్లేదు. నలభై దాటి రాడార్ స్తంభం కంటపడితే చీటీ వస్తుంది. మూడో చీటీ వచ్చిన బండికి గట్టు మొదట్లో ఉన్న గేటు ఇక జన్మలో తెరవరు.

మా అబ్బాయి ఉప్పు ఓడల మీద ఉన్నాడు, సంక్షిప్తంగా చెప్పాలంటే దేనికీ అందడు. ఇంట్లో ఉన్నది నేనూ హైమా. కాబట్టి కూతపెట్టె కొనుక్కోవాలి.

భాద్రపద శుద్ధ ద్వాదశి

కూతపెట్టె అంటే రాడార్ మన మీద పడగానే కూసే పెట్టె. పెట్టుకోకూడదు, కానీ పెట్టుకోని వాళ్ళు లేరు. పాత సామాన్ల మస్తాన్ దగ్గర మూడు రకాలున్నాయి.

మొదటిది దేనికైనా కూస్తుంది. పక్కనుంచి బండి వెళ్ళినా, దుకాణం తలుపు దానంతటది తెరుచుకున్నా లబలబలాడుతుంది. పది కూతలు విన్నాక మనిషి పట్టించుకోవడం మానేస్తాడు, పదకొండోది అసలుదైతే కొంప మునుగుతుందని మస్తాన్ చెప్పాడు. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ దానికి సగం చెవుడు. మూడోదానికి నాలుగు బాణాలున్నాయి; రాడార్ ముందునుంచి వస్తోందా, వెనకనుంచా, ఏ పక్కనుంచా చూపిస్తుంది. ఉత్తుత్తి కూత అనిపిస్తే బొత్తాం నొక్కాలి. ఒకే చోట మూడుసార్లు నొక్కితే ఆ చోటు గుర్తుపెట్టుకుని ఇక అక్కడ కూయదు. గట్టిగా అరిచేదాన్ని కాదు, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసినదాన్ని ఎంచుకోమన్నాడు. మనుషుల్లో కూడా అంతే కదా అన్నాను. నా మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు.

అద్దానికి పైన, ఎదుట ఏదీ అడ్డం లేకుండా బిగించాడు. నిమ్మకాయల, మిరపకాయల దిష్టి దండ తీయించాడు, దాని చూపుకి అడ్డమట. స్తంభం రాత్రీ పగలూ చూస్తూనే ఉంటుంది కనుక పెట్టె కిలోమీటరు ముందే పసిగడుతుంది, మనం నెమ్మదించుకోవచ్చు. చేతి రాడార్ అలా కాదు. పోలీసు మీట నొక్కినప్పుడే అది చూస్తుంది. దానికి పెట్టె కూసేసరికి మన వేగం వాళ్ళ పుస్తకంలోకి ఎక్కిపోయి ఉంటుంది.

"మరి దానికేం చెయ్యాలి?" అని అడిగాను.

"ఏం చెయ్యక్కర్లేదండి తాయారమ్మగారూ. చేతి రాడార్లు పట్టుకునేవాళ్ళు సముద్రం వచ్చిన ఏడే పోయారు. పంతొమ్మిదేళ్ళయింది."

మందు 1. భాద్రపద పౌర్ణమి

డెబ్బై ఎనిమిది నిమిషాల్లో వచ్చాను. పెట్టె బంగారం. పదకొండు స్తంభాలుంటే పదకొండింటినీ ముందే చెప్పింది. నెమ్మదించడం, దాటగానే తొక్కడం. నర్సు ఎస్తేరు గుమ్మంలోనే నిలబడి ఉంది, చల్లపెట్టె అందుకుని పరుగెత్తింది. హైమకి మందు ఎక్కింది.

ఆసుపత్రి పుస్తకంలో వేగం గడిలో 40 అని రాశాను. అందరూ అదే రాస్తారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, ప్రాణం నిలబెట్టడానికి ఒక్క నలభై రాస్తే ఏం పోయింది?

ఒక చిన్న సంగతి. ముప్పయ్యో రాయి నుంచి ముప్పై తొమ్మిదో రాయి దాకా గట్టుకి పక్కనే గుల్లపాలెం ఉంది. ఉంది అంటే మునిగి ఉంది. నీళ్ళ మీద మేడల పైకప్పులు, మంచినీళ్ళ ట్యాంకు, తలల్లేని కొబ్బరి మానులు కనిపిస్తాయి. అక్కడ స్తంభాలు లేవు. అయినా ముప్పై ఆరో రాయి దగ్గర పెట్టె ఒక్కసారి కూసింది. నీళ్ళ వైపు బాణం వెలిగింది. నేను ముందుకు పోతుంటే వెలుగు మెల్లగా వెనక బాణానికి తిరిగింది, ఎవరో తల తిప్పి చూస్తున్నట్టు. సూర్యుడి కరెంటుతో ఏ దుకాణం తలుపో ఇంకా పనిచేస్తోందనుకుని బొత్తాం నొక్కాను.

మందు 2. భాద్రపద బహుళ షష్ఠి

గేటు దగ్గర గుమాస్తా అప్పలకొండ చీటీ చింపి చేతిలో పెట్టాడు. నా బండి నంబరు, పౌర్ణమి, వేగం 84. పట్టుకున్న చోటు: గుల్లపాలెం అవుట్‌పోస్టు.

గుల్లపాలెం నీళ్ళల్లో ఉంటే అవుట్‌పోస్టు ఎక్కడిదయ్యా అని అడిగాను. అప్పలకొండ నా వైపు చూడలేదు. యంత్రంలోంచి కాగితం దిగుతుంది, తాను చింపి ఇస్తాడు, అంతవరకే తన పని అన్నాడు. ఎప్పటినుంచి దిగుతోందని అడిగితే, తాను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అన్నాడు. ఎవరూ వెళ్ళి చూడలేదా అంటే, వెనక బండి ఆగి ఉంది కదలమన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముప్పై ఆరు దగ్గర నలభైకి తగ్గించాను. పెట్టె కూయలేదు. హమ్మయ్య అనుకుని తొక్కాను. ముప్పై రెండో రాయి దగ్గర కుయ్ మంది. మళ్ళీ ఒక్కసారే. బాణం నీళ్ళ వైపు. ఎనభై రెండు నిమిషాలు పట్టింది.

మందు 3. భాద్రపద బహుళ ద్వాదశి

రెండో చీటీ వచ్చింది. వేగం 71. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంకొక్కటి వస్తే గేటు మూసేస్తారు. హైమకి ఈ మందు కాక ఇంకా అయిదు ఉన్నాయి.

పొద్దున్న బయల్దేరేముందు మస్తాన్ దగ్గర ఆగి పెట్టె పాడైందని దెబ్బలాడాను. మునిగిన దుకాణం తలుపుకి కూస్తోందనీ, ఆ తలుపు ఒకసారి ముప్పై ఆరు దగ్గరా ఒకసారి ముప్పై రెండు దగ్గరా ఉంటోందనీ చెప్పాను. అతను చాలాసేపు పెట్టెని తిప్పి తిప్పి చూశాడు.

"తలుపులు చోటు మారవండి తాయారమ్మగారూ," అన్నాడు. పెట్టె తిరిగి బిగించి, దిష్టి దండ కూడా కట్టి పంపాడు. మొదట తీయించినవాడు తనే.

ఇవాళ గుల్లపాలెం మొత్తం, తొమ్మిది కిలోమీటర్లూ, నలభైలోనే వచ్చాను. మిగతా దారంతా నలిగిపోయేలా తొక్కాను. ఎనభై ఏడు నిమిషాలు. ఎస్తేరు గడియారం చూస్తూనే చల్లపెట్టె లాక్కుని లోపలికి పోయింది.

పెట్టె మాత్రం కూసింది. నలభైలో ఉన్నా కూస్తుంది. ఆ రాడార్‌కి నా తప్పుతో పనిలేదు. ఎవరు వెళ్ళినా చూస్తుంది, రాస్తుంది.

మందు 4. ఆశ్వయుజ శుద్ధ తదియ

వెళ్ళేటప్పుడు మందు ఉండదు కాబట్టి తొందర ఉండదు. గుల్లపాలెం మధ్యలో బండి ఆపాను. భయపడుతూ బతకడం నాకు చేతకాదు, ఏముందో చూద్దామని దిగాను.

ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. ఒక్క కాకి లేదు. సినిమా హాలు పైభాగం, బడి మేడ, దూరంగా మూడంతస్తుల కట్టడం, దాని మీద జెండా కర్ర. ఎక్కడా అలికిడి లేదు. గట్టిగా ఎవరక్కడా అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు కారులో పెట్టె కూసింది.

బండి ఆగి ఉంది. ఇంజను కూడా కట్టేశాను. ఆగి ఉన్న బండి వేగం కొలిచే అవసరం ఎవరికి ఉంటుంది? ఎలా కూర్చున్నానో, ఎలా పోనిచ్చానో గుర్తులేదు. మెట్టపురంలో ఎవరికీ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఆ తొమ్మిది కిలోమీటర్లూ పక్కకి చూడకుండా వచ్చాను. ఎనభై ఆరు నిమిషాలు.

హైమ మొహంలో కొంచెం రంగు వచ్చింది. చిగుళ్ళలోంచి రక్తం ఆగింది. అన్నంలో ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. ఆ వంకకి నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మందు 5. ఆశ్వయుజ శుద్ధ నవమి

ఇవాళ ఆయుధ పూజ. తెల్లవారుతూనే కారు కడిగి, స్టీరింగుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచాను. కూతపెట్టెకి కూడా పసుపు రాశాను, దాని కంటికి అంటకుండా పక్కగా. పూజ చేసిన పనిముట్టుని ఆ పూట కదపకూడదు. మా వీధిలో మంగలి కత్తి పీట దిగలేదు, కుట్టుమిషను చక్రం తిరగలేదు. కానీ మందుకి పండుగలు లేవు. తప్పు కాయమ్మా అని లెంపలేసుకుని నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాను.

వెళ్ళేటప్పుడు గుల్లపాలెంలో పెట్టె కూయలేదు. వచ్చేటప్పుడూ కూయలేదు.

పసుపు లోపలికి పోయి పెట్టె చచ్చిందనుకున్నాను. అది చస్తే ముందున్న స్తంభాలు ఎలా తెలుస్తాయి? కానీ గుల్లపాలెం దాటి కిలోమీటరు రాకుండానే స్తంభం వస్తోందని శుభ్రంగా కూసింది. తర్వాత స్తంభానికీ కూసింది. పెట్టె బాగానే ఉంది.

ఇంటికొచ్చి, మందు ఎక్కుతుంటే హైమ పక్కన కూర్చుని ఆలోచించాను. స్తంభాలు యంత్రాలు. వాటికి నవమి లేదు, దశమి లేదు, ఇవాళ కూడా చూస్తూనే ఉన్నాయి. గుల్లపాలెం ఒక్కటే చూడలేదు. రాడార్‌ని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఈ పూట కదపకూడదని పక్కన పెట్టినవాళ్ళెవరో అక్కడ ఉన్నారు.

అప్పటిదాకా దాచినదంతా హైమకి చెప్పేశాను. చీటీలు కూడా చూపించాను. పిల్ల భయపడుతుందనుకుంటే, చీటీలు చేతిలోకి తీసుకుని వరసగా చదివింది.

"ఆయన్ని డ్యూటీ దిగమని చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదేమో అత్తయ్యా," అంది.

నాకు భయం పోలేదు. భయం పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. యంత్రాన్ని బతిమాలుకోలేం. మనిషైతే బతిమాలుకోవచ్చు.

మందు 6. ఆశ్వయుజ పౌర్ణమి

వరసగా రాస్తాను.

వెళ్ళేటప్పుడు గుల్లపాలెంలో ఆగాను. దిగి, కొంగు సర్దుకుని, ఆ జెండా కర్ర ఉన్న కట్టడం వైపు తిరిగి మాట్లాడాను. పిచ్చిదాన్ననుకున్నా సరే. నా పేరు మంగతాయారు, ఊరు కొత్తరేవు అన్నాను. కోడలి జబ్బు చెప్పాను. తొంభై నిమిషాల సంగతి చెప్పాను. ఇంకా మూడు మందులున్నాయనీ, ఇప్పటికి మీరు రెండు చీటీలు రాశారనీ, రాయడం మీ ధర్మమే, తప్పు పట్టననీ అన్నాను. నేను వేగంగా పోవాలని పోవడం లేదు బాబూ, ఆ పిల్ల నన్ను అమ్మ కంటే ఎక్కువగా చూసుకుంది అన్నాను. అక్కడ ఏడుపొచ్చేసింది. అత్తలు కోడళ్ళ కోసం ఏడవరని ఎవరన్నారో వాళ్ళని తెచ్చి చూపించాలి.

కారులో పెట్టె ఒక్కసారి కూసింది, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు చల్లపెట్టె పక్క సీట్లో ఉంది. అరవయ్యో రాయి దగ్గర తమంతట తాము నడిచే బండ్లు తొమ్మిది వరసగా ఆగిపోయి ఉన్నాయి. ముందుది మొరాయించింది, వెనకవి దాన్ని చూసి నిలబడ్డాయి. గట్టు మీద పక్కకి తప్పుకునే చోటు లేదు. తిట్టాను, తన్నాను, తలుపులు బాదాను. పది నిమిషాలు పోయాయి.

దారి తెరుచుకుని గుల్లపాలెం దగ్గరికి వచ్చేసరికి నలభై తొమ్మిది నిమిషాలు అయిపోయాయి. ఆ తొమ్మిది కిలోమీటర్లూ నలభైలో పోతే మందు నీళ్ళవుతుంది. వేగంగా పోతే చీటీ వస్తుంది, ఆ తర్వాత రెండు మందులకి గేటు తెరుచుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతిలో ఉన్న మందుని కాపాడుకోవాలనిపించింది. తొక్కాను. తొంభై ఆరు. గట్టు నిజంగానే అదిరింది, స్టీరింగు చేతుల్లో వణికింది.

ముప్పై నాలుగో రాయి దగ్గర పెట్టె కూసింది. బాణం పక్కకి, వెనక్కి తిరిగింది. పట్టేశాడు.

ఎనభై ఎనిమిది నిమిషాలు. మందు ఎక్కింది. ఆసుపత్రి పుస్తకంలో 40 అని రాశాను. హైమకి బండ్ల సంగతి చెప్పాను, తొంభై ఆరు సంగతి చెప్పలేదు.

మందు 7. ఆశ్వయుజ బహుళ షష్ఠి

ఆరు రోజులూ ముద్ద దిగలేదు. గేటు దగ్గరికి వచ్చాను. అప్పలకొండ యంత్రం దగ్గర కాగితం చూస్తూ నిలబడ్డాడు. చీటీ ఇమ్మని చెయ్యి చాపాను. చీటీ లేదన్నాడు. సరిగ్గా చూడవయ్యా, గుల్లపాలెం, పౌర్ణమి నాడు అన్నాను. కాగితం నా వైపు తిప్పాడు.

గుల్లపాలెం అవుట్‌పోస్టు. ఆశ్వయుజ పౌర్ణమి. నా బండి నంబరు. వేగం 40.

గేటు లేచింది. గేటు దాటాక బండి పక్కకి ఆపుకుని ఏడ్చాను. తర్వాత గుల్లపాలెంలో ఆగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఇంటినుంచి తెచ్చిన పులిహోర గిన్నె గట్టు రాయి మీద పెట్టాను.

పెట్టె కూయలేదు. అరగంట నిలబడ్డాను, కూయలేదు. వచ్చేటప్పుడూ కూయలేదు. గిన్నె పెట్టినచోటే ఉంది, మూత కూడా కదల్లేదు. ఇవాళ పండుగ ఏదీ లేదు. దారిలో మూడుసార్లు వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టుకున్నాను.

అడ్డు లేదు కదా, సంతోషించాలి. ఎనభైలో వచ్చేశాను, డెబ్బై ఆరు నిమిషాలకే చేరాను. కానీ ఆ తొమ్మిది కిలోమీటర్లూ వెనక అద్దంలోకి చూస్తూనే ఉన్నాను. చూసేవాడు ఉన్నప్పుడు ఇంత భయం వెయ్యలేదు.

మందు 8. ఆశ్వయుజ బహుళ ద్వాదశి

ఇవాళ పోటు తీసి సముద్రం ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది. గట్టు నుంచి ఆ జెండా కర్ర కట్టడం దాకా పాత వీధి జాడ కనిపించింది. మోకాళ్ళ లోతు నీళ్ళు. మందు వేళకి ఇంకా టైముంది. చీర ఎగ్గట్టుకుని నడిచాను.

గోడ మీద అక్షరాలు ఇంకా ఉన్నాయి: గుల్లపాలెం అవుట్‌పోస్టు. మెట్ల మీద ఉప్పు పేరుకుని తెల్లగా, గట్టిగా ఉంది. నా పాదం పడిన చోటల్లా పటపట విరిగింది. అంతకుముందు ఎవరి పాదమూ దాని మీద పడలేదు. ఇంకో మెట్ల దారి లేదు, వెతికాను.

పై అంతస్తులో ఒకే గది. గట్టు వైపు పెద్ద కిటికీ. వంట చేసుకున్న గుర్తు లేదు, పడుకున్న గుర్తు లేదు, తాగడానికి కుండైనా లేదు. కిటికీ ముందు ఒక కుర్చీ, బల్ల, వైర్‌లెస్ సెట్టు. బల్ల మీద చేతి రాడార్ ఉంది, బట్టలో చుట్టి. బట్ట విప్పాను. దాని మీద నవమి నాటి పసుపు, బొట్టు. ఎండిపోయినా రంగు పోలేదు.

పక్కన ఖాకీ చొక్కా, లాగు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉన్నాయి. వాటి మీద బెల్టు, దాని మీద టోపీ. పని మానేసి వెళ్ళేవాళ్ళు పై అధికారికి అప్పజెప్పినట్టు ఉన్నాయి. రేకు మీద పేరు: ఎమ్. నూకరాజు, కానిస్టేబులు.

పుస్తకం తెరిచి ఉంది. గోడ వెంబడి అలాంటి పుస్తకాలు నా ఎత్తు వరకు పేర్చి ఉన్నాయి. తేదీ, బండి నంబరు, వేగం, రిమార్కులు. పంతొమ్మిదేళ్ళు. తిప్పి చూసినంత మేర కొట్టివేత లేదు. ముత్యాల్లాంటి రాత.

నా నంబరు వెతుక్కున్నాను. 84, చీటీ పంపడమైనది. 71, చీటీ పంపడమైనది. తదియ నాడు: 0, బండి ఆగినది, ఎవరక్కడ అని పిలిచినది. నవమి నాడు అడ్డంగా ఒకే ముక్క: ఆయుధ పూజ, సెలవు. పౌర్ణమి నాడు: 0, బండి ఆగినది, ఆమె చెప్పినది విన్నాను.

దాని కింద అదే రోజు, తిరుగు ప్రయాణం. వేగం గడిలో 96 అని రాసి, కొట్టేసి, 40 అని ఉంది. పంతొమ్మిదేళ్ళ పుస్తకాల్లో ఒకే ఒక్క కొట్టివేత. రిమార్కుల్లో రాత కొద్దిగా వంకరపోయింది.

*ఇది అబద్ధం. తెలిసి రాశాను. ఇకమీదట ఈ పుస్తకం రాసే అర్హత నాకు లేదు.*

సంతకం. దాని కింద అన్నీ ఖాళీ గడులు.

కుర్చీలో కూర్చోబోయి మానుకున్నాను. ఏడు మోతాదులకి ఏడుసార్లు నలభై రాశాను నేను, ఒక్కసారి కూడా కలం ఆగలేదు. ఆయన ఒక్కసారి రాశాడు.

నీళ్ళు పెరుగుతున్న చప్పుడు విని దిగి వచ్చాను. మెట్టపురం వెళ్ళి మందు తెచ్చాను. ఎనిమిదోది ఎక్కింది. ఎస్తేరు హైమ బుగ్గ గిల్లింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆసుపత్రి పుస్తకంలో వేగం గడి ఖాళీగా వదిలేశాను.

కార్తీక శుద్ధ ఏకాదశి

ఇక కుదుపులకి భయం లేదన్నారు. పరీక్షలకి హైమని నా పక్కన కూర్చోబెట్టుకుని మెట్టపురం తీసుకెళ్ళాను. పిల్ల ఏడు నెలల తర్వాత వీధి చూసింది, కనిపించిన ప్రతి కొంగనీ నాకు చూపించింది. గుల్లపాలెం రాగానే మాత్రం కూతపెట్టె వైపు చూసింది. పెట్టె కూయలేదు.

రక్తం బాగుందన్నారు డాక్టరుగారు. ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను.

తర్వాత మందు పుస్తకం అప్పజెప్పమన్నారు. ఇందులో రాసినదంతా నిజం అని కింద సంతకం పెట్టాలి. బల్ల దగ్గర ఉన్నావిడ కలం ఇచ్చింది. ఏడు నలభైలు వరసగా నన్ను చూస్తున్నాయి, ఎనిమిదో గడి ఖాళీ.

హైమ వైపు చూశాను. ఎనిమిదో మందు ఎక్కిన రాత్రే తొంభై ఆరు సంగతీ, ఆ గది సంగతీ దానికి చెప్పేశాను. తల ఊపింది.

ఏడూ కొట్టేశాను. పక్కన అసలు వేగాలు రాసి, ఎనిమిదో గడి కూడా నింపాను. ఆరో మందు దగ్గర 96 అని రాసి, రిమార్కులకి చోటు లేకపోతే అంచున ఇరికించాను: గుల్లపాలెం అవుట్‌పోస్టులో ఈ రోజు 40 అని ఉన్నది నా కోసం రాసినది. తప్పు నాది. కానిస్టేబులు నూకరాజుగారిది కాదు.

ఆవిడ చదివి కంగారుపడింది. "ఇలా రాస్తే మీ బండి మళ్ళీ గట్టు ఎక్కదండి. ఈ తిరుగు ప్రయాణమే ఆఖరు," అంది. తెలుసమ్మా అన్నాను. ముప్పై ఏళ్ళు నడిపిన బండి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ సంతకం మాత్రం వంకర పోలేదు.

తిరిగి వస్తుంటే ముప్పై తొమ్మిదో రాయి కనిపించింది. తొందర లేదు, చల్లపెట్టె లేదు. అయినా ముల్లు సరిగ్గా నలభై మీదికి తెచ్చి పట్టుకున్నాను. హైమ కిటికీ అద్దం దించింది. సాయంకాలపు ఎండలో పైకప్పులన్నీ ఎర్రగా ఉన్నాయి. ముప్పై ఏడు దాటింది, ముప్పై ఆరు దాటింది. పులిహోర గిన్నె రాయి మీద అలాగే ఉంది. ముప్పై అయిదు దాటింది.

ముప్పై నాలుగో రాయి దగ్గర పెట్టె కూసింది.

ఒక్కసారే. నీళ్ళ వైపు బాణం వెలిగింది. మేం ముందుకు పోతుంటే అది మెల్లగా వెనక్కి తిరిగింది. హైమ నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి వెచ్చగా ఉంది.

"నలభయ్యే బాబూ," అన్నాను, కిటికీ బయటికి వినపడేలా. "రాసుకోండి."